ముప్పై ఎనిమిది దగ్గర ఆగిన ఓవెన్

మా ఇంట్లో అంకెలు ఊరికే ఉండేవి కావు. అమ్మ చాలా ఏళ్లు మా చర్చి సంఘంలో ఆదివారపు బడి నడిపింది. చిన్నప్పుడు చీపురుపల్లి స్టేషన్లో బండి కోసం నిలబడితే, బోర్డు మీద టైము చూపించి "సెప్పరా, ఏటుందక్కడ?" అనేది. ఏడూ ఇరవై అంటే ఏడో అధ్యాయం, ఇరవయ్యో వచనం. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో ఆ నెల ఏ గ్రంథం చదువుతుంటే అందులోది చెప్పాలి. చెప్పలేకపోతే మొట్టికాయ. నేను పంతులునై పిల్లలకు మొట్టికాయలు వేసే వయసుకు వచ్చాక కూడా మా ఇద్దరికీ ఆ అలవాటు పోలేదు.

విభజన గొడవల్లో కరెంటు సమ్మె జరిగిన ఏడాది అది. సమ్మె తరువాత వానలు పట్టుకున్నాయి. వంటింటి గోడ చెమ్మెక్కింది. అమ్మ క్రిస్మస్‌కు సంఘానికంతటికీ కేకులు చేసే ఓవెన్ ఆ గోడ పక్కనే ఉండేది. దాని ముఖం మీద పొర లాంటి మీటలు: పది నిమిషాలు, ఒక నిమిషం, పది సెకన్లు, స్టార్టు, రద్దు. వానల్లో అది ఎవరూ ముట్టకుండానే అప్పుడప్పుడు కూయడం మొదలుపెట్టింది. మేం పట్టించుకోలేదు. ఇంట్లో అంతకన్నా పెద్ద దిగులుంది. అమ్మ గుండెలో వాల్వు పాడైంది. విశాఖలో ఆపరేషన్‌కు రోజు ఖాయమైంది. అమ్మ సరేనంది కూడా.

ఒక శనివారం మధ్యాహ్నం నేను ముందుగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వంటింట్లో ఓవెన్ తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ కేకు పెట్టిందేమో అనుకున్నాను. తల ఎత్తితే అమ్మ నా ఎదురుగానే కుర్చీలో ఉంది.

"ఎవల్రా వంటింట్లో?" అంది.

నేను కుర్చీ జరిపేలోపే ఆమె లేచింది. వంటింటికి పది అడుగులుంటాయి. గోడ పట్టుకుని, అడుగుకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ నడిచింది. ఓవెన్ లోపల పసుపు దీపం వెలుగుతోంది. ఖాళీ పళ్లెం గుండ్రంగా తిరుగుతోంది. అమ్మ తలుపు లాగింది. చప్పుడు ఆగిపోయింది, అంకెలు కూడా ఆగిపోయాయి. 38:01.

ఆ నెల మేం చదువుతున్నది ప్రవక్తల గ్రంథాల్లో ఒకటి. ముప్పై ఎనిమిదో అధ్యాయం మొదటి వచనంలో ఏముందో ఇద్దరికీ తెలుసు. జబ్బుపడిన రాజుకు కబురొస్తుంది, ఇల్లు చక్కబెట్టుకో, నువ్వు బతకవు అని.

 మరునాటి నుంచి అమ్మ ఇల్లు చక్కబెట్టడం మొదలుపెట్టింది. స్టీలు సామాను ఎవరికి ఏది ఇవ్వాలో చీటీలు అంటించింది. కేకులో పిండి ఎంత, వెన్న ఎంత అని నా చేత రాయించింది. విశాఖ మాట ఎత్తితే "వొద్దురా" అనేది, అంతే.

నేను విజయనగరం నుంచి మెకానిక్‌ను పిలిపించాను. నుదుట బొట్టుతో, నోట్లో వక్కపొడితో వచ్చాడు. ముందు ప్లగ్గు పీకాడు. లోపల కెపాసిటర్‌లో, ప్లగ్గు పీకాక కూడా కరెంటు దాక్కుని ఉంటుందని నన్ను ఎడంగా నిలబడమన్నాడు. మీటల పొర నుంచి బోర్డుకు వెళ్లే చదునైన రిబ్బను తీగను ఊడదీసి, మూత పెట్టి, మళ్లీ కరెంటు ఇచ్చాడు. అరగంట కూర్చున్నాం. ఓవెన్ నోరెత్తలేదు. మళ్లీ ప్లగ్గు పీకి, రిబ్బను తగిలించి, మూత పెట్టి ఆన్ చేశాడు. అయిదు నిమిషాలు కాకముందే కూసింది.

"బోర్డు బానే ఉన్నాది మాస్టారూ. మీటల పొరే తడిసిపోనాది. లోపల రేకులు అంటుకుపోయి, ఎవలో నొక్కినట్టే కబురెల్తన్నాది."

"ఎవరూ నొక్కకుండానే?"

"ఎవలూ నొక్కకుండానే. దెయ్యమూ నేదు, గియ్యమూ నేదు. సెమ్మ."

అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "గాడిద సేత మాటాడించినోడికి మిషనొక లెక్కేటి బాబూ?" అంది.

"గాడిదా? ఏ గాడిదమ్మా?" అని అతను నావైపు చూశాడు. గ్రంథంలో దేవుడు ఒక గాడిద నోట మాట పలికించాడని అతనికి తెలియదు. నాకు నవ్వు రాలేదు.

మరునాడు కొత్త పొర తెచ్చి వేశాడు. పరీక్ష చేసేముందు ఒక గ్లాసు నీళ్లు లోపల పెట్టాడు. ఖాళీగా తిప్పితే పాడవుతుందట. అతను వెళ్లబోతుంటే అడిగాను, సెకన్ల దగ్గర ఒకటి అంకె ఎలా పడుతుందని.

"పడదు సార్. పది సెకన్ల మీటే గాని ఒక సెకను మీట నేదు. ముప్పై తొమ్మిది నిమిసాలు పడి, తిరిగీసుంటాది. అమ్మగారు తలుపు తీసీసరికి ఒకటికొచ్చుంటాది."

ఆపరేషన్‌కు ఇంకా మూడు రోజులుంది. ఆ సాయంత్రం అమ్మ స్త్రీల కూటానికి ఆటోలో వెళ్లింది. నేను ఆ అధ్యాయం తెరిచి కూర్చున్నాను. అయిదో వచనంలో అదే రాజుకు ఇంకో కబురు వస్తుంది. నీ ఆయుష్షుకు పదిహేనేళ్లు కలుపుతున్నాను అని. ఒకటికీ అయిదుకీ మధ్య నాలుగు సెకన్లే తేడా.

వంటింట్లోకి వెళ్లాను. గ్లాసుతో నీళ్లు పెట్టాను. పది నిమిషాల మీట మూడుసార్లు, నిమిషం మీట ఎనిమిదిసార్లు, పది సెకన్ల మీట ఒకసారి. స్టార్టు. తలుపు లాగేసరికి 38:04. రద్దు చేసి మళ్లీ పెట్టాను. 38:06.  నా చెయ్యి తలుపు మీద కాదు, గ్రంథం మీదే ఉన్నట్టు, అందులో అక్షరాలు దిద్దుతున్నట్టు అనిపించింది. మూడోసారి 38:05 దగ్గర ఆగింది. అప్పుడే వీధిలో ఆటో చప్పుడైంది.

అమ్మ వచ్చి అంకెలు చూసింది.

"బాగుసేసినాడు కదరా. మళ్లీ ఏటిది?"

"దానంతటదే తిరిగిందమ్మా. నేను తలుపు తీశాను."

జీవితంలో నేను చాలా అబద్ధాలు ఆడి ఉంటాను. దేవుడి పేరు మీద ఆడింది అదొక్కటే.

 అమ్మ లోపలున్న గ్లాసు తీసి, ఆ నీళ్లతోనే మాత్ర వేసుకుంది. "ఒరే, బండికి బట్టలు సర్దు" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. రెండు నెలలకు అమ్మ సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. దేవుడు నన్ను మరణ ద్వారం నుంచి తిప్పి పంపాడంది. గుడి అంతా స్తోత్రం చెప్పింది. ఓవెన్ మాట మాత్రం ఎత్తలేదు. నలుగురూ నవ్వుతారనేమో అనుకుని, నేను నేల చూస్తూ కూర్చున్నాను.

క్షమించమని చాలాసార్లు మోకరించాను. క్షమాపణ దొరికిందనే నమ్ముతున్నాను. కానీ ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ఒకచోట ఆగిపోతాను. ఒకటో వచనానికీ అయిదో వచనానికీ మధ్య ఆ రాజు గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. నేను మధ్యలోది చెయ్యలేదు. మీట నొక్కాను. అమ్మకు పదిహేనేళ్లు ఇచ్చాననుకున్నాను. పదహారో ఏడు లేదని కూడా నేనే చెప్పినట్టయింది. ఆ పదిహేనో ఏట ఆమె ఏ దగ్గు దగ్గినా ఏమనుకుంటుంది? నేనేమనుకుంటాను?

ఆపరేషన్ అయిన ఆరో ఏడు, అమ్మ గ్రంథం అట్ట సరిచేస్తూ వెనక ఖాళీ పేజీ చూశాను. పెన్సిల్‌తో ఆరు గీతలు. వాటి పక్కన తొమ్మిది చుక్కలు. ఇక దాచలేకపోయాను. ఆమె కుర్చీ పక్కన కూర్చుని అంతా చెప్పేశాను.

"తెలుసురా," అంది.

"ఎలా?"

"గలాసు. నీళ్లు ఎచ్చగా ఉన్నాయి. దానంతటది తిరిగినప్పుడు లోపల గలాసెవలెడతారు?"

"తెలిసీ విశాఖ ఎందుకొచ్చావమ్మా?"

"వచనం తప్పితే మొట్టికాయ తింటానని ఏడిసీవోడివి నువ్వు. అలాటోడివి ఇంత పని సేసినావంటే, బయం నాకొక్కదానికే కాదని తెలిసింది." అంది, "ఆస్పత్రి మంచం మీద గోడేపు తిరిగి ఏడిసినానురా. మజ్జిలోది నాను సేసాను."

 పేజీ ముందుకు జరిపి, "మరి ఈ లెక్క ఎందుకు?" అని అడిగాను.

"నువ్వు లోపల లెక్కెడతన్నావు కదేటి. ఒక్కడివీ ఎందుకని."

గ్రంథం మూసి ఒళ్లో పెట్టుకుంది. నేను లేచి వంటింట్లోకి వెళ్లి, మళ్లీ ఏ అంకే పడకుండా ఓవెన్ ప్లగ్గు పీకి ఉందో లేదో చూసి వచ్చాను.