సున్నం కింద గీత

రోడ్డు వద్దని మేమెవరమూ అనలేదు. ముందు ఈ మాట చెప్పి తీరాలి. ఆ రోజుల్లో నేను నోరు తెరిస్తే చాలు, "ఏందమ్మా, రోడ్డు వద్దంటావా?" అని ఎదురు అడిగి నోరు మూయించేవారు. రోడ్డు వద్దనడానికి నాకేమన్నా పిచ్చా? కారంపూడిలో బస్సు దిగి మా పల్లెదాకా నడిచి రావడం ఎట్లా ఉంటుందో నా కాళ్ళకు తెలుసు. నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడ్డాయంటే చెప్పుల్ని బురదకు వదిలేసి కాళ్ళు మాత్రం పైకి లాక్కోవాలి. కాన్పు కష్టమైన మనిషిని బండిలో వేసుకుని బయలుదేరితే బండి దారిలోనే దిగబడేది. నేను అడిగింది రోడ్డు కింద ఒక తూము. నీళ్ళు ఇటునుంచి అటు పోవడానికి ఒక దారి. అంతకు మించి ఏమీ అడగలేదు.

అప్పట్లో నేను ఆ పల్లెలో మిషను బడి పంతులమ్మను. బడి అంటే ఒకటే గది. మట్టి గోడలు, తాటాకు కప్పు. వారమంతా అది బడి, ఆదివారం ప్రార్థన మందిరం. ఊరు మెరక మీద ఉండేది, పల్లె పల్లంలో ఉండేది. ఎవరెక్కడ ఉండాలో నిర్ణయించిన పెద్దలు ఆ సంగతి ముందే బాగా చూసుకున్నారు. పల్లె పిల్లలు ఊళ్ళో బోర్డు బడికి కూడా పోవచ్చని పేరుకు ఉండేది. పోయిన మగపిల్లలు వెనక గోడకు ఆనుకుని కూర్చుని, నాలుగు రోజులకు మానేసేవారు. ఆడపిల్లల్ని అసలు పంపేవారే కాదు. మా గది ఉన్నన్నాళ్ళే ఆ పిల్లలకు చదువు. ఆ గది నిలబడాలి. నా గొడవంతా అదే.

ఎగువ చేలల్లో పడిన వాన నీళ్ళన్నీ మా పల్లె మీదుగా దిగి, బండ్లదారిని అడ్డంగా దాటి, అవతలి పొలాల్లోకి పోయి వాగులో కలిసేవి. వాన గట్టిగా పట్టినప్పుడే ఆ పారుదల. మిగతా రోజుల్లో అక్కడ మేకలు పడుకుని ఉండేవి. నేను ఆ పల్లెకు వచ్చిన కొత్తల్లో ఒకసారి ముసురు పట్టి నీళ్ళు బడిలోకి వచ్చాయి. నల్లబల్ల కింది అంచుదాకా ఎక్కి, ఒక పూట నిలిచి, తీశాయి. గది చుట్టూ గోడ మీద ముదురు మట్టిరంగు గీత మిగిలిపోయింది. అప్పుడు బండ్లదారి నేలతో సమానంగా ఉంది కాబట్టి నీళ్ళు దాన్ని దాటి పోగలిగాయి. ఇప్పుడు ఆ దారినే ఎత్తు చేసి రోడ్డు వేస్తామంటున్నారు. నీళ్ళకు అడ్డంగా మట్టి పోస్తే దాన్ని చెరువుకట్ట అంటారు. ఆ చెరువులో మా పల్లె ఉంటుంది. ఇది అర్థం కావడానికి ఇంజినీరు చదువు కావాలా?

కృష్ణ మీద పెద్ద ఆనకట్ట కడుతున్న రోజులవి. మాచర్ల వైపు సిమెంటూ ఇనుమూ మోసుకుపోయే లారీలు ఆగకూడదు, అందుకే ఈ రోడ్డు. కొలతలకు వచ్చినవాళ్ళంతా ఎండాకాలంలోనే వచ్చారు. ఇంకెప్పుడు వస్తారు? వానాకాలంలో వాళ్ళ జీపు కదలదు. జీపు వచ్చే రోజుల్లో నీళ్ళుండవు, నీళ్ళున్న రోజుల్లో జీపు రాదు. ఈ ముడి ఎంత గుంజినా నాకు విడలేదు.

అభ్యంతరాలుంటే చెప్పుకోమని ఒకరోజు ఊరి చావడికి పిలిచారు. రోడ్డు తన కొట్టు ముందు నుంచి పోవాలని శెట్టిగారు, తన చేను పక్కనుంచి పోకూడదని మునసబుగారు వాదించుకునేసరికి మధ్యాహ్నమైంది. పల్లె వంతు వచ్చేటప్పటికి లోపల విస్తళ్ళు వేస్తున్నారు. అయినా లేచి తూము సంగతి చెప్పాను. రోడ్డు పని చూసే ఓవర్సీరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కాన్వాసు గుడ్డ మీద అతికించిన ప్లాను పరిచి వేలితో చూపించాడు.

"ఇక్కడ వాగు లేదండీ. వాగు లేనిచోట తూము ఎట్లా వేస్తాం?"

"ఈ ప్లాను ఏ నెలలో గీశారు?"

"ఏప్రిల్లో."

"ఏప్రిల్లో మా ఊరి బావిలోనే నీళ్ళు లేవు. మరి ప్లానులో బావి కూడా తీసేశారా?"

చావడిలో ఎవరో నవ్వారు. మునసబుగారు మాత్రం నవ్వలేదు. ఓవర్సీరు ఏమనుకున్నాడో, భోజనమయ్యాక గొడుగు వేసుకుని నా వెంట బడికి వచ్చాడు. గోడ మీది గీతను చూశాడు. గది నాలుగు వైపులా తిరిగి, అది అంతటా ఒకే ఎత్తున ఉందని తనే చూసుకున్నాడు. "నోటిమాట ఎవరూ నమ్మరండీ. ఇది నమ్ముతారు. మా పెద్ద ఇంజినీరుగారు ఈ నెలలో వస్తారు. ఆయనకు ఈ గీత చూపించండి చాలు, తూము పడిపోయినట్టే," అన్నాడు. ఆ పూట నాకు ఆకలి వేయలేదు. అంత సంతోషంగా ఉండింది.

వారం తిరక్కుండానే ఆ ఓవర్సీరుకు బదిలీ అయింది. ఆ వెనకే వేసవి తరగతులకు నరసరావుపేట రమ్మని నాకు కబురు వచ్చింది. మానడానికి వీల్లేదు. పోతూ పోతూ పల్లెలో అందరికీ చెప్పాను, పెద్ద ఇంజినీరుగారు మన బడిని చూడటానికి వస్తున్నారని, ఆయన చూస్తే మన కష్టం తీరుతుందని. పల్లె అంతా పొంగిపోయింది. ఎన్నికలప్పుడు తప్ప ఆ పల్లెలో జీపు అడుగు పెట్టింది లేదు.

ఆయన ఫలానా రోజు వస్తున్నాడని తెలిసి, నేను ఆ ఉదయానికే పడుతూ లేస్తూ పల్లె చేరాను. దూరం నుంచే బడి కనిపించింది. ఎండలో కళ్ళు చెదిరేటంత తెల్లగా ఉంది.

లోపలికి పరుగెత్తాను. గోడలు నాలుగూ తెల్లగా, ఇంకా చెమ్మ ఆరకుండా ఉన్నాయి. గది మధ్యలో సున్నపు చేతులతో అవ్వ నిలబడి ఉంది. బడి ఊడ్చేదీ, ఆదివారం గంట కొట్టేదీ ఆమే. కొడుకు పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పని చేస్తాడు, అతని చేత బండెడు సున్నం తెప్పించింది. పల్లె ఆడవాళ్ళంతా కూలి మానుకుని పూశారు.

"ఎట్టుంది పంతులమ్మా?" అంది నవ్వుతూ. "ఆ మురికి గీత ఒక పట్టాన పోతేనా! కొబ్బరిపీచు పెట్టి తోమి, దాని మీద రెండు పూతలు ఏశాం. ఇప్పుడు ఎవురన్నా అంటారా మన బడి మునిగిందని?"

నేను ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. గట్టిగా అరిచానని మాత్రం గుర్తుంది. మీకు బుద్ధుందా అన్నాను, నా నోట్లో మన్ను కొట్టారు అన్నాను. పెంకు ముక్క తీసుకుని సున్నం గీకాను. గీకితే సున్నంతో పాటు మట్టి కూడా ఊడి వచ్చింది. ఆడవాళ్ళు కొయ్యబారి చూస్తున్నారు. అవ్వ ఒక్కతే నా మొహంలోకి చూసి అడిగింది.

"బడిని చూట్టానికి వస్తన్నాడన్నావు. బురదని చూట్టానికని చెప్పావా? ఇంటికి పెద్దమనిషి వస్తంటే మురికి మొహంతో నిలబడతామా?"

ఇంతలో జీపు చప్పుడు వినిపించింది. కళ్ళు తుడుచుకుని ఎదురు వెళ్ళాను. జరిగింది జరిగినట్టు చెప్పేద్దాం, మనిషికి మనిషి చెబితే వినడా అనుకున్నాను. మునసబుగారు నన్ను మాట్లాడనివ్వకుండా ఆయనకు పొలాలన్నీ చూపించి, చిట్టచివర బడికి తీసుకువచ్చేసరికి కాసేపు పట్టింది.

పెద్ద ఇంజినీరుగారు టోపీ తీసి గుమ్మంలోంచి లోపలికి వంగాడు. "ఏదో గీత ఉందన్నారట?"

నేను చెప్పబోయేంతలో గోడ మీద నాకే కనిపించింది. నల్లబల్ల కింది అంచు ఎత్తున, గది చుట్టూ, తెల్లటి సున్నం మీద ముదురు మట్టిరంగు గీత! నేను జీపుకు ఎదురు వెళ్ళిన ఆ కాసేపట్లో అవ్వా ఆడవాళ్ళూ కలిసి నూలు తాడు బిగించి పట్టుకుని, గుడ్డ పేలిక బురదలో ముంచి, తుడిచేసిన గీతను మళ్ళీ గీశారు. తప్పు దిద్దుకున్నామని వాళ్ళ ధైర్యం. అవ్వ మూలన నిలబడి నావైపు కళ్ళెగరేసింది.

ఇంజినీరుగారు గోడ దగ్గరికి వెళ్ళి గీత మీద వేలు పెట్టాడు. వేలు తీసి చూసుకుని, మాకందరికీ చూపించాడు. బురద అంటుకుని ఉంది.

"పంతులమ్మగారూ, ఈ వరద ఇవాళ పొద్దున్నే వచ్చిందా?"

మునసబుగారు పగలబడి నవ్వారు. ఆయన వెంట ఉన్న గుమాస్తా కూడా నవ్వాడు. నేను చెప్పాను. అసలు గీత ఉండేదని, ఓవర్సీరు చూశాడని, ఇప్పుడే సున్నం వేశారని, ఇది మళ్ళీ గీసిందని. చెప్పే కొద్దీ నాకే అది కట్టుకథలా వినిపించసాగింది. ఆ ఓవర్సీరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

అవ్వ ఉండబట్టలేక ముందుకు వచ్చింది. "అయ్యా, గీత కొత్తదే. నీళ్ళు పాతయ్యేనయ్యా. నా నడుందాకా వచ్చినయ్యి, నేను సాక్షి."

ఆయన దుర్మార్గుడు కాదు. కోప్పడలేదు, కసురుకోలేదు. అదే నాకు మరీ కడుపు మండించింది. చంటిపిల్లల తెలివితేటలకు నవ్వినట్టు నవ్వాడు. "బడి మాత్రం చాలా శుభ్రంగా పెట్టుకున్నారమ్మా," అని మెచ్చుకుని, రుమాలుతో వేలు తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ మెప్పుకు అవ్వ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

తర్వాత నేను తిరగని ఆఫీసు లేదు. ఒకచోట ప్లాను ఖరారైందన్నారు, ఒకచోట ఇంకా ఖరారు కాలేదన్నారు. ఖరారు కాకపోతే మార్చమంటే, అది తమ పని కాదన్నారు. పైవాళ్ళను అడిగితే కిందివాళ్ళు రాసిపంపాలన్నారు. ఇంతలో మట్టి పని మొదలైంది. కూలికి వెళ్ళింది మా పల్లెవాళ్ళే. తట్టలతో మట్టి మోసి, పోసి, కొట్టి, ఆ కట్టను బడి కిటికీ ఎత్తుకు లేపారు. పోవద్దని ఏ మొహంతో చెప్పను? ఆ ఏడు చేలల్లో పనుల్లేవు. సాయంత్రం అవ్వ కోడలు తట్ట దించి నడుము పట్టుకుని, "మన మీదికి మనమే పోసుకుంటన్నాం గదా పంతులమ్మా," అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం కూడా.

రోడ్డు పూర్తయింది. మంచి రోడ్డే. ఆ కార్తీకంలో తుఫాను వాన పట్టింది. ఎగువ నీళ్ళు ఎప్పటిలాగే దిగాయి, రోడ్డు దాకా వచ్చాయి, ఆగిపోయాయి. ఇక పైకి లేవడం మొదలుపెట్టాయి. పిల్లలూ ముసలివాళ్ళూ మేకలూ అందరం రోడ్డు ఎక్కాం. నల్లబల్లను ఇద్దరు మగవాళ్ళు నెత్తిన పెట్టుకుని తెచ్చారు. రోడ్డుకు అవతలి పక్క పొలాలు వానకు తడిసినా, అక్కడ నిలిచిన నీళ్ళు చెప్పుకోదగ్గవి కావు. ఇవతలి పక్క మా పల్లె నీళ్ళలో ఉంది.

అప్పుడు జీపు వచ్చింది. అంత వానలో, బురద అంటకుండా, కొత్త రోడ్డు మీద హాయిగా వచ్చింది. అందులోంచి పెద్ద ఇంజినీరుగారే దిగాడు. రోడ్డు ఎక్కడైనా తెగిందేమో చూడటానికి బయలుదేరాడట. గొడుగు కింద నిలబడి మమ్మల్నీ, మా వెనక నీళ్ళనీ చూశాడు. మొహం పాలిపోయింది.

"బడిలో నీళ్ళు ఎందాకా వచ్చాయమ్మా?"

"తమరు వేలు పెట్టి చూశారే, ఆ గీత ఇప్పుడు నీళ్ళ అడుగున ఉందండీ. చూపించలేను," అన్నాను.

రోడ్డును అడ్డంగా తెగ్గొడితే నీళ్ళు పోతాయి, పలుగులు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, ఒక్క మాట చెప్పండి అని మగవాళ్ళు బతిమాలారు. రోడ్డు తెంచే అధికారం తనకు లేదని, పైవాళ్ళను అడగాలని, అడిగివస్తానని చెప్పి ఆయన జీపెక్కాడు. జీపు మలుపు తిరిగిందో లేదో, బడి వెనక గోడ నీళ్ళలోకి కూర్చుంది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. సున్నం కరిగి ఆ చుట్టుపక్కల నీళ్ళు కాసేపు తెల్లబడ్డాయి. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ ఉండిపోయింది.

మరుసటి వేసవిలో తూము వేశారు. నేను అడిగినదాని కంటే పెద్దది, రాతి కట్టుబడి. కూలిపోయిన బడిని మిషనువాళ్ళు మళ్ళీ కట్టలేదు. ఊళ్ళో బడి ఉందిగదా అన్నారు. నన్ను వేరే ఊరికి మార్చారు. పల్లె ఆడపిల్లలు నేను భయపడినట్టే కలుపు తీతలకు పోయారు. ఇప్పటికీ ఆ దారిన బస్సులో పోతుంటే పక్కన కూర్చున్నవాళ్ళు రోడ్డు బాగుందంటారు, అవునంటాను. వాన రోజైతే కిటికీలోంచి తల బయట పెట్టి ఆ తూము వైపు చూస్తాను. నీళ్ళు ఎక్కడా ఆగకుండా చక్కగా పోతుంటాయి, బడి ఉండిన చోటు మీదుగా.