పక్కింటి కిటికీ చూసి ఎంచిన పొయ్యి

నిన్న సాయంత్రం ఈ చలికాలానికి మొదటిసారిగా కట్టెల స్టవ్ వెలిగించాను. బాగా ఎండిన బర్చ్ చెట్టు కట్టెకు నిప్పంటుకోగానే ముందు సన్నగా తియ్యటి వాసన వస్తుంది. తర్వాత ఇనుము వేడెక్కుతూ టిక్కు టిక్కుమంటుంది. ఆ చప్పుడు వింటే నాకు నర్సింహ అంకుల్ గుర్తొస్తారు. ఆయన పోయి ఏడాది దాటింది. కరీంనగర్ నుంచి వచ్చి ముప్పయ్యేళ్ళపాటు ఈ ఇంగ్లీషు దేశపు ఇళ్ళలో స్టవ్‌లు బిగించిన మనిషి ఆయన. మనవాళ్ళు నలుగురు కలిస్తే ఏ కంపెనీ, ఏ ప్రాజెక్టు అనే కదా అడుగుతారు! ఆయన "పొగగొట్టాల కంపెనీ" అని చెప్పి, అవతలివాళ్ళ మొహం చూసి నవ్వుకునేవారు.

ఇల్ఫర్డ్‌లో మేము ఇల్లు కొన్నప్పుడు నాకు కట్టెల స్టవ్ మీద మోజు పుట్టింది. మా వీధి పొగ మీద ఆంక్షలున్న ప్రాంతంలో ఉంది. తక్కువ పొగ వదులుతుందని అనుమతి పొందిన స్టవ్ మాత్రమే పెట్టుకోవాలన్నారు మునిసిపల్ కౌన్సిల్‌వాళ్ళు. అనుమతి ఉన్నవాటిలోనే అన్నిటికంటే పెద్దది, పన్నెండు కిలోవాట్లది ఎంచుకున్నాను. పిల్లలు ఎదుగుతారని చొక్కాలు వదులుగా కుట్టించే ఇంట్లో పుట్టినవాణ్ణి. పైగా, నిజం ఎందుకు దాచాలి, వచ్చినవాళ్ళు చూసి "అబ్బో" అనాలని కూడా ఉండేది.

ఆర్డర్ ఇచ్చేముందు ఒకసారి చూసిపొమ్మని అంకుల్‌ని పిలిచాను. ఆయన ఇంట్లోకి రాలేదు. రోడ్డు మీదే నిలబడి మా చిమ్నీని, దాని పక్కనే తెరిచి ఉన్న పక్కింటి మేడమీది కిటికీని చాలాసేపు చూశారు.

"ఆ కిటికీ ఎవరిది?"

"ఎవరో పెద్దావిడండీ. పేరు తెలీదు."

"మీరొచ్చి ఎన్నాళ్ళాయె?"

"మూడు నెలలు."

"మూడు నెలలల్ల పేరు గూడ అడుగలే?" అంటూనే వెళ్ళి ఆ తలుపు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆవిడ పేరు మౌరీన్. ఎనభై దాటాయి. ఊపిరితిత్తులు బలహీనం. రెండు మాటలు మాట్లాడి ఒక్క క్షణం ఆగేది. గది మూసి ఉంటే ఊపిరాడదని, ఎండ కాసినా మంచు కురిసినా ఆ కిటికీ తెరిచే ఉంచుతుందట. మేము వచ్చిన పని విని, ఆయన్ని కాకుండా నన్ను అడిగింది, "అయితే నా కిటికీ మూసుకోవాలా బాబూ?" అని. అంకుల్ ఏమైనా చెబుతారేమోనని చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నారు. "అక్కర్లేదండీ" అనేశాను. మాటైతే ఇచ్చాను గానీ, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలో నాకు బొత్తిగా తెలియదు.

అప్పుడు వచ్చారు మా ఇంట్లోకి. గదిని అడుగులతో కొలిచి, "ఐదు కిలోవాట్లది చాలు" అన్నారు.

"పెద్దది కొని తక్కువగా మండిద్దాం అంకుల్. అవసరానికి పనికొస్తుంది కదా."

"మనోళ్ళందరు చేసే తప్పు గదే బిడ్డా. చిన్న గదిల పెద్దది పెడితే ఉక్కపోస్తది. అప్పుడు నువ్వు గాలి తగ్గిస్తవ్. గాలి తగ్గితే కట్టె సక్కగ మండది, కుములుతది. పొగంత గప్పుడే వస్తది. చిన్నదాన్ని కడుపు నిండ మండనియ్యి. ఇగ కట్టె పచ్చిగుంటె మాత్రం ఎంత మంచి స్టవ్వున్నా దండుగనే."

చిన్నదే కొన్నాను, కొంచెం మొహం మాడ్చుకునే. అంకుల్ వచ్చి బిగించిన రోజు మా ఆవిడ పద్మజ, కొత్త పొయ్యి మీద పాలు పొంగించాల్సిందేనని పట్టుపట్టింది. స్టవ్ పైభాగం చదునుగా ఉందిగా అని గిన్నె పెట్టాం. పాలు శుభంగా పొంగి, కాలిన ఇనుము మీద పారాయి. గదంతా మాడు కంపు, పొగ. పొగ అలారం కూతలు మొదలయ్యాయి. కంగారులో తలుపులు, కిటికీలు బార్లా తెరిచాం. రెండు నిమిషాల్లో పక్కింట్లో మేడమీది కిటికీ దడాలున మూసుకుంది. ఇచ్చిన మాట మొదటి రోజే మంటగలిసింది.

అంకుల్ కోప్పడలేదు. "పాలు పొంగాలె, మంచిదే. గ్యాస్ మీద పొంగియ్యుండ్రి" అని, పద్మజ పొద్దున్నే వండి ఉంచిన పరమాన్నం గిన్నె తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని మౌరీన్ దగ్గరికి వెళ్ళారు. జరిగింది చెప్పి, క్షమించమన్నాను. మీరు కర్టెన్లు వండుతున్నారనుకున్నానని ఆవిడ నవ్వి, నవ్వుతూనే దగ్గింది. ఆ దగ్గు ఆగేదాకా మేమిద్దరం తలవంచుకుని నిలబడ్డాం.

ఆ తర్వాత ఆయన చెప్పినట్టే చేశాను. కట్టె కొన్న ప్రతిసారీ చీల్చి, తేమ కొలిచే మీటరు గుచ్చి చూసేవాణ్ణి. గాలి తగ్గించలేదు. జనవరిలో ఒక ఆదివారం, స్టవ్ వెలిగించిన రెండు గంటలకు చెత్త పారేయడానికి బయటికొచ్చాను. కిటికీ తెరిచే ఉంది. మౌరీన్ అందులోంచి తొంగిచూసి, "ఇంత చలిలో మీ పొయ్యి వెలిగించుకోలేదేం? నా గురించి భయపడుతున్నారా?" అని అడిగింది.

పరుగున లోపలికి వెళ్ళి అంకుల్‌కి ఫోన్ చేశాను. మౌరీన్ అడిగింది చెప్పాను. "మన మంట ఉన్నట్టు పక్కింటామెకు తెల్వలే. నా పనికి గంతకన్న మంచి మాట ఇంకెవ్వరు అనలే బిడ్డా" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఏది కొన్నా నలుగురికీ తెలియాలనే బుద్ధి నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కారు మార్చినప్పుడు ఫోటో పెట్టాను కూడా. కానీ పొయ్యి ముందు అగ్గిపుల్ల గీసినప్పుడల్లా, ఈ మంట సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదని కోరుకుంటాను.