తపాలా బిళ్లలో అమ్మ

ఫినాయిలు వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చిన్నప్పుడు సముద్రం అవతల సుంగై సిపుట్ రబ్బరు తోటలో ఉండగా, ఆఫీసులో లెక్కలు రాసే కిరాణీ నాకొక అమెరికా తపాలా బిళ్ల ఇచ్చాడు. దాని మీద సముద్రం దాటొచ్చి ఒడ్డున దిగుతున్న జనం. ఆ దేశస్థుల పూర్వీకులట. మా అమ్మా ఓడలోనే వచ్చింది కదా! రబ్బరు పాలు తీసి ఇంటికొచ్చిన ఆమె ముందు బిళ్ల పెట్టాను.

“అమ్మా, ఇందులో నువ్వెక్కడ?”

అమ్మ బిళ్లని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసింది.

“ఈళ్లకి ఎవులూ గుడ్డలిప్పించి ఫినాయిలు నీళ్లు పొయ్యనేదేటి? పినాంగు రేవులో ఓడ దిగీసరికి మమ్మల్ని గొడ్లని కడిగినట్టు కడిగినారు. నానెందుకుంటానురా ఇందులో?”

ఆ కోపం నా మీదేననుకుని ఏడ్చాను.

అప్పట్లో మేమున్న ఆ దేశపు బిళ్లల మీద పులి బొమ్మ ఉండేది. అడవి కొట్టి ఆ పులిని తరిమింది మావాళ్లే. బిళ్ల మాత్రం పులికి దక్కింది.