అత్తయ్య ప్రార్థన, చల్లారిన బిస్కెట్లు

ఎనభైల మొదట్లో మేము అలబామాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు అక్కడి కాగితం మిల్లులో ఇంజనీరు. ఆ చుట్టుపక్కల తెలుగు చర్చి మాట అటుంచి, తెలుగు ముక్క వినాలన్నా మా ఇంట్లోనే వినాలి. ఆదివారం పొద్దున్న బాప్టిస్టు చర్చికి వెళ్ళి, అట్నుంచటే మెయిన్ రోడ్డు మీదున్న హోటల్లో భోంచేసి ఇంటికొచ్చేవాళ్ళం. చర్చిలో సగంమంది చేసే పని అదే. రెండు వీధుల అవతల మెథడిస్టు చర్చి ఉండేది. వాళ్ళ ఆరాధన ముందు ముగిసిందంటే ఆ హోటల్లో టేబుళ్ళన్నీ వాళ్ళవే. అందుకని మా పాస్టరుగారి ప్రసంగం కాస్త సాగితే చాలు, ముసలివాళ్ళు కూడా కారు తాళాలు బయటికి తీసేవారు.

ఆ హోటల్లో ఒక మాంసం, మూడు కూరలు ఎంచుకోవాలి. మాంసమంటే వేయించిన కోడో, చేపో. కూరల్లో బెండకాయ వేపుడు, బొబ్బర్లు, పంది ఎముక వేసి ఉడికించిన ఆకుకూర ఉండేవి. చీజులో ముంచిన మాకరోనీని కూడా వాళ్ళు కూరల్లోనే లెక్కేసేవారు. వీటన్నిటికంటే ముందు ఒక బుట్టలో బిస్కెట్లు వచ్చేవి. అంటే మనం టీలో ముంచుకునేవి కావు. అరచేతిలో పట్టేంత మెత్తటి రొట్టెలు. పొగలు కక్కుతుండగా విప్పి వెన్న రాసుకోవాలి. చల్లారితే గోడకి కొట్టినా విరగవు.

ఆ వేసవిలో మా అత్తయ్య కొన్ని నెలలు ఉందామని వచ్చారు. గుంటూరు జిల్లాలో మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. మొదటి ఆదివారమే ఆవిణ్ణి హోటల్‌కి తీసుకెళ్ళాం. జుట్టులో పెన్సిలు గుచ్చుకుని తిరిగే లావుపాటి వెయిట్రెస్ వచ్చి, "ఏం తింటావు, షుగర్?" అని మావారిని అడిగింది.

అత్తయ్య నావైపు వంగి, "వాణ్ణి పంచదారంటుందేంటమ్మాయ్?" అన్నారు.

"ఇక్కడ అందర్నీ అలాగే పిలుస్తారత్తయ్యా."

వెయిట్రెస్ అత్తయ్య వైపు తిరిగి, "మరి నీకో, బేబీ?" అంది.

నేను అనువదించక ముందే అత్తయ్యకి అర్థమైంది. పమిట సర్దుకుని, "మంచి మనిషిలానే ఉందిలే" అన్నారు.

పళ్ళేలు వచ్చాయి. అత్తయ్య కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన మొదలుపెట్టారు. ఇంట్లో మాకది అలవాటే. ఆవిడ ప్రార్థన ఆకాశాన్నీ భూమినీ సృజించిన దగ్గర మొదలై, మా వంశంలో షుగరున్న వాళ్ళ మీదుగా, పరీక్షలు రాస్తున్న పిల్లల మీదుగా, రెండు దేశాల ప్రభుత్వాల మీదుగా నడిచి, ఎప్పటికోగానీ అన్నం దగ్గరికి రాదు. గొంతు కూడా వెనక బెంచీల దాకా వినిపించడానికి అలవాటు పడిన గొంతు. పక్క టేబుల్ దగ్గర వేరుశనగ పండించే పెద్దాయన ఒకాయన, తన భార్యతో కూర్చుని ఉన్నాడు. ఆయన మర్యాదకి ఫోర్కు కింద పెట్టి తల వంచాడు. ఆయన్ని చూసి వెనక టేబుల్ వాళ్ళు వంచారు. కాసేపటికి హోటలంతా నిశ్శబ్దమైపోయింది.

అత్తయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగారు. పెద్దాయన "ఆమెన్" అని ఫోర్కు అందుకున్నాడు. అత్తయ్య మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన ఫోర్కు దించాడు. ఇంకోసారి ఆగారు. ఆయన మళ్ళీ ఆమెన్ అన్నాడు. ఈసారి భార్య ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ప్రార్థన ముగిసేసరికి బిస్కెట్ల మీద పొగలు ఎప్పుడో పోయాయి.

పై ఆదివారం వెయిట్రెస్ ఆర్డరు తీసుకోకుండా నా పక్కన నిలబడి, "మీ అత్తగారు ఎవరైనా అడిగితే ప్రార్థన చేస్తారా?" అంది. ఆమె పికప్ ట్రక్కు స్టార్టవడం లేదట. అత్తయ్య సంతోషంగా ఒప్పుకున్నారు. అంత పొడుగు తెలుగు ప్రార్థనలో వెయిట్రెస్‌కి "పికప్పు ట్రక్కు" అన్న రెండు మాటలే తెలిశాయి. వినపడగానే చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. ఆ వారంలో ట్రక్కు నడిచింది. తన మరిది బ్యాటరీ మార్చాడని ఆమే చెప్పింది. అయినా ఆ ఘనత ఎవరూ మరిదికివ్వలేదు.

ఇక అక్కణ్ణుంచి మోకాళ్ళ నొప్పులు, మిల్లులో ప్రమోషన్లు, కోడళ్ళ కాన్పులు అన్నీ మా టేబుల్ దగ్గరికే వచ్చాయి. ప్రార్థన ఇంకా పొడుగైంది. తింటున్నవాళ్ళు తినడం ఆపేస్తే టేబుళ్ళెలా ఖాళీ అవుతాయి? గుమ్మం దగ్గర మెథడిస్టులు ఎండలో బారులు తీరి నిలబడుతున్నారు. ఒకరోజు హోటలు యజమాని మావారిని పక్కకి పిలిచాడు. సన్నగా, భయస్థుడిలా ఉంటాడాయన.

"మీ అమ్మగారి ప్రార్థనంటే మాకు చాలా గౌరవం," అన్నాడు. "కాకపోతే, కోడి చల్లారిపోతోంది."

మావారు తల్లికి ఆ మాట చెప్పలేక నాకు అప్పజెప్పారు. నేను కార్లో నెమ్మదిగా, "వంటవాడికి బాధగా ఉందట అత్తయ్యా, వేడివేడిగా తింటే బావుండునని" అన్నాను. ఆవిడ "అలాగా" అన్నారు.

పై వారం పళ్ళేలు రాగానే అత్తయ్య, "తండ్రీ, స్తోత్రం, ఆమెన్" అని చెంచా తీసుకున్నారు.

పక్క టేబుల్ పెద్దాయన తల వంచడం కూడా పూర్తికాలేదు. అంతా ఎదురుచూస్తూ ఉండిపోయారు. వెయిట్రెస్ వచ్చి అత్తయ్య నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరమేమోనని చూసింది. యజమాని పీచ్ పండ్లతో చేసే కాబ్లర్ అనే మిఠాయి గిన్నె పట్టుకొచ్చి, తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"ఆయన్ని బాధపడొద్దని చెప్పమ్మాయ్," అన్నారు అత్తయ్య. "ఆయన పని వేడిగా పెట్టడం. నేనెక్కడ చెప్పినా దేవుడు వింటాడు. దారిలో చెప్పుకుంటాను."

అలా ప్రార్థన కార్లోకి మారింది. చర్చి ముందు మావారు కారు స్టార్ట్ చేయగానే ఆవిడ మొదలుపెట్టేవారు. హోటలు దగ్గరే. వచ్చేసినా ప్రార్థన అయ్యేది కాదు. అద్దాలు దించుకుని, చెమటలు కక్కుతూ, అక్కడే కూర్చునేవాళ్ళం. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కారు కిటికీ దగ్గరికొచ్చి నిలబడేవారు. వెయిట్రెస్ వరండాలోకి వచ్చి కనుబొమలెగరేస్తే, మావారు ఒక కన్ను తెరిచి, అత్తయ్య ఎంతవరకు వచ్చారో చేత్తో సైగ చేసేవారు. "పరీక్షలు రాసే పిల్లలు" అన్నప్పుడు చెయ్యెత్తితే, ఆమె లోపలికెళ్ళి కోడిని నూనెలో వేయించేది. మేము కూర్చునేసరికి చెయ్యి కాలే కోడి, పొగలు కక్కే బిస్కెట్లు మా ముందుండేవి.

చలి మొదలవుతుండగా అత్తయ్య ఇండియా వెళ్ళిపోయారు. ఆ ఆదివారం మేమిద్దరం అందర్లాగే కారు దిగి లోపలికి నడిచాం. వెయిట్రెస్ పళ్ళేలు పెట్టింది. వెళ్ళకుండా చేతులు జోడించి నిలబడింది. పక్కాయన ఫోర్కు దించాడు. ఒక్కొక్క టేబులే నిశ్శబ్దమైంది.

మావారు నావైపు చూశారు. నేను ఆకుకూర వైపు చూశాను.

ఆయన కళ్ళు మూసుకుని, "పరలోకమందున్న తండ్రీ" అని ఆగిపోయారు. జన్మలో నలుగురి ముందు ప్రార్థన చేసిన మనిషి కాదు. ఎటూ ఎవరికీ తెలుగు రాదు. కాసేపటికి గంభీరంగా గొంతు సవరించుకున్నారు. "పదమూడొకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవయ్యారు. పదమూడు మూళ్ళు ముప్పైతొమ్మిది."

పదమూడెనిమిదుల దగ్గర తడబడ్డారు, గొంతు వణికింది. ఎలాగో అందుకుని, పదమూడు పదులు నూటముప్పై అని ముగించారు.

"ఆమెన్," అన్నాడు పక్కాయన. తన భార్యతో, "ఆవిడదంత పొడుగు లేదు కానీ, గుండెల్లోంచి వచ్చింది" అన్నాడు.

నేను తలెత్తలేదు. నవ్వు ఆపుకోలేక భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. వెయిట్రెస్ నా వీపు నిమిరి, "ఆవిడ లేకపోతే నాకూ అలాగే ఉంది, హనీ" అని ఇంకో బిస్కెట్టు తెచ్చి నా పళ్ళెంలో పెట్టింది. ఆమె అనుకున్నది పూర్తిగా తప్పేమీ కాదు.