ఎదురింటి గుప్పెడు ఉప్పు

వంటల పోటీ మీద వచ్చిన జపాను బొమ్మల పుస్తకంలో, హీరో గిన్నెలో ప్రత్యర్థి ఉప్పు వేశాడు. “వీడే విలన్” అని తేల్చేసింది మా అమ్మాయి.

ఎనిమిదేళ్లప్పుడు నేనూ అంతే. టీవీలో అలాంటి కార్టూన్లు చూసి, ఊళ్లో అమ్మకు దీటుగా పచ్చళ్లు పెట్టే ఎదురింటి అత్తయ్యను విలన్ని చేసేశాను. ఓసారి అమ్మ దంచిన పండుమిరపకాయల్లో ఆవిడ గుప్పెళ్లతో ఉప్పు వేస్తుంటే చెయ్యి పట్టుకున్నాను.

“అమ్మా, మన పచ్చడి చెడగొడుతోంది.”

“వదలవే. వదిన్ని నేనే పిలిచాను. నా చేత్తో ఉప్పేస్తే బూజు పట్టుద్ది” అంది అమ్మ.

అత్తయ్య నవ్వలేదు. “కాపలా బాగా కాశావే. రేపు మా జాడీ దగ్గరికీ రా” అంది.

ఆ పచ్చడి మళ్లీ కాయ పండేదాకా నిలిచింది.

“వీడు విలనే కదమ్మా?” మళ్లీ అడిగింది అమ్మాయి.

“తొందరపడకు. ముందు ఆ వంట జడ్జీల్ని రుచి చూడనీ.”