చర్చి క్యాలెండరెక్కిన శని

కలకత్తా దగ్గర లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరైన జీవరత్నానికి ఒకటే కోరిక. తను తీసిన ఆకాశం ఫోటో తెలుగు చర్చి క్యాలెండరెక్కాలి, ఆ క్యాలెండరు ఇంటింటి గోడా ఎక్కాలి. ఏటేటా అదే గొర్రెపిల్ల, అదే జలపాతం చూసి చూసి అతనికి విసుగెత్తింది.

పాత టెలిస్కోపు కొని, స్టాండు తనే చేశాడు. రైలుపెట్టెలు బాగుచేసే చెయ్యి కదా, పెట్టెనే మోసేంత స్టాండు తయారైంది. దాన్ని క్వార్టర్సు మేడ ఎక్కించడానికి పక్క క్వార్టర్ల బెంగాలీ దాదాలు నలుగురు వచ్చారు. దించడానికి ఈ రోజుకీ ఎవరూ రాలేదు.

మొదటి ఏడు సెల్‌ఫోను టెలిస్కోపు కంటికి ఆనించి చంద్రుణ్ణి తీస్తే ఉడకబెట్టిన గుడ్డు వచ్చింది. రెండో ఏడు ఫోను కదలకుండా రేకు కోసి బిగింపు చేశాడు, గ్రహం ఎటు జరిగితే టెలిస్కోపును అటు తిప్పే చిన్న మోటారు పెట్టాడు. వీడియో తీసి, అందులోని వేల బొమ్మల్లో నిలకడగా ఉన్నవి ఏరి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చడం నేర్చాడు.

"బియ్యంలో రాళ్ళేరమంటే నడుం నొప్పంతారు. ఇయ్యెలా ఏరతన్నారండీ?" అంది భార్య లిల్లీ.

మూడో ఏడు, దుర్గాపూజ పందిళ్ళ లైట్లు విప్పేశాక, వలయంతో సహా శనిగ్రహం చిక్కింది. జీవరత్నం మేడ మీద గంతులేశాడు.

క్యాలెండరు కమిటీలో పాస్టరు సురేష్ బాబు గారు ఫోటో చూసి మురిసిపోయారు.

"ఎంత బాగుందయ్యా! ఏటిది?"

"శని అండి, అయ్యగారూ."

పాస్టరు గారు ఫోటోను పక్కనున్న సంఘ పెద్ద మేరీరాణికి అందించారు. ఆవిడ దాన్ని బల్ల మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మనకి అలాటి నమ్మకాల్లేవు," అన్నారు పాస్టరు గారు.

"లేవు, లేవు," అన్నారందరూ.

"గొర్రిపిల్ల కూడా బాగానే ఉంతాది కదా," అంది మేరీరాణి.

జీవరత్నానికి ఒళ్ళు మండింది. "బయమేస్తందని ఒక్క మాట సెప్పీయండి. ఫోటో అట్టుకెళ్ళిపోతాను."

ఆ మాట చెప్పడం ఎవరి తరం? ఫోటో వెయ్యాలని అందరూ చేతులెత్తారు. పాస్టరు గారి చెయ్యి అందరికంటే ముందు లేచింది.

జనవరి ఒకటిన కేకు పంచే వంకతో జీవరత్నం ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గోడ మీదా శని ఉన్నాడు. ప్రతి శని కిందా ఒక నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి వేలాడుతున్నాయి. పాస్టరు గారింట్లో రెండు నిమ్మకాయలున్నాయి.

"పచ్చడికి ఆరబెట్టాం," అన్నారాయన, పక్కకు చూస్తూ.

జీవరత్నం ఆనందంతో పొంగిపోయాడు. తన ఫోటోలో ఉన్నది అచ్చం శనేనని ఇంతకంటే గట్టిగా ఎవరు ఒప్పుకుంటారు?