బాధ్యత మాది, మిస్డ్ కాల్ మీది

సెల్‌ఫోన్ కుయ్‌మంటే చేతిలో పని వదిలేసి, ఎవరు తలుచుకున్నారో అని ఆత్రంగా చూసుకునే కాలం ఒకటుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గాని, ఆ రోజుల్లో జనం మెసేజ్‌లు చదివేవాళ్లు. అదీ చివరిదాకా. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును కూడబలుక్కుని, పక్కింటివాళ్లకు వినిపించి, ఓపిక ఉంటే బదులు కూడా ఇచ్చేవాళ్లు. అంతటి మంచి జనాన్ని వ్యాపార ప్రకటనలతో ఎలా చెడగొట్టాలా అని రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజుల్లోనే నడుం కట్టిన వీరుల్లో నేనొకణ్ణి. ఈ మాట ఇంతవరకు ఏ సభలోనూ ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మా ఆఫీసు బెజవాడలో, బెంజ్ సర్కిల్‌కు దగ్గర్లో ఒక టైర్ల షాపు మీద ఉండేది. కింద లారీ టైరుకు గాలి కొడితే పైన మా గోడగడియారం ఊగేది. మా బాసుకు స్ట్రాటజీ గారని పేరు (పెట్టింది మేమే, ఆయన ఎదురుగా ఎప్పుడూ అనలేదు). ఆ మాట లేకుండా ఆయన టీ కూడా తెప్పించుకునేవారు కాదు. ముప్ఫై దాటినా పెళ్లి ఊసెత్తేవారు కాదు. ఎవరైనా అడిగితే "ప్రస్తుతానికి ఆ సెగ్మెంట్‌లోకి ఎంటరవడం లేదండీ" అనేవారు. ఆయన తర్వాత ఆపా. ఆపా అంటే ఉర్దూలో అక్క. వన్‌టౌన్‌లో వాళ్ల నాన్నగారికి అత్తర్ల కొట్టు ఉండేది. ఆవిడ మా ఆఫీసుకు కంప్యూటర్ ఆపరేటరు, రిసెప్షనిస్టు, బాసుగారికి అర్థం కాని ఉత్తరాలకు జవాబులు రాసే మనిషి కూడా. ఇక మూడోవాణ్ణి నేను. నా హోదా 'డిజిటల్ మీడియా ఎగ్జిక్యూటివ్'. మాది మంగళగిరిలో నేతపని చేసే ఇల్లు. మా నాన్నకు ఈ హోదా ఎంతకీ నోరు తిరగక, ఎవరడిగినా "మావాడు సెల్‌ఫోన్ ఆఫీసులో" అని సరిపెట్టేవాడు.

మా దగ్గర ఒక 'డేటాబేస్' ఉండేది. దాని గురించి స్ట్రాటజీ గారు చెబుతుంటే ఏదో బ్యాంకు లాకరు గురించి వింటున్నట్టుండేది. నిజానికి అవి రీఛార్జి కొట్లలో జనం నోటితో చెబితే కొట్టువాళ్లు రాసుకున్న నంబర్లు. వాటిని ఆపా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఎక్కించేటప్పుడు "వీళ్లనెవరినీ మనం అడగలేదు కదా సార్?" అంది. "అడిగితే అది సర్వే అవుతుందమ్మా. అడక్కపోతేనే మార్కెటింగ్" అన్నారాయన. నేను ఆ మాటను డైరీలో రాసుకున్నాను కూడా, అంతటి జ్ఞానం మళ్లీ దొరకదని.

మా తొలి కస్టమరు మా బాబాయే. మంగళగిరి గాలిగోపురం దగ్గర ఆయనకు చీరల కొట్టు. అప్పటికే ఆయనకొక వెబ్‌సైట్ చేసిపెట్టాం. అందులో ఒక చీర తెర మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తనంతట తనే పాకుతూ వెళ్లేది. అడుగున ఎంతమంది చూశారో చెప్పే అంకెల పెట్టె ఉండేది (అందులో సగం నేను, తక్కిన సగం ఆపా). అంకె పెరిగినప్పుడల్లా ఫోన్ చేసి చెప్పేవాణ్ణి. బాబాయి కొన్నాళ్లు సంతోషించి, చివరికి ఒకరోజు అడిగేశాడు: "ఇంతమంది వచ్చారంటన్నావు, ఏర్రా? పొద్దుట్నించీ గుమ్మం ముందే కూచున్నా. ఒక్కరూ కనపళ్లేదే?"

ఆ ఏడాది ఆయన పరిస్థితి బాగాలేదు. బెజవాడలో ఏసీలు, కదిలే మెట్లు ఉన్న పెద్ద బట్టల షోరూములు లేచాయి. మెట్లు ఎక్కడానికి వెళ్లినవాళ్లు అక్కడే చీరలు కూడా కొనుక్కుని వచ్చేస్తున్నారు. బాబాయి పెళ్లిళ్ల సీజను మీద నమ్మకంతో మా వీధి మగ్గాల మీద నేసిన పట్టు చీరలన్నీ తీసుకుని అలమార్లు నింపాడు. "ఇవి కదలకపోతే వాళ్లకు మళ్లీ నూలివ్వడం నావల్ల కాదురా. పండగలకి ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. ఆ 'వాళ్ల'లో మా నాన్న కూడా ఉన్నాడు. అందుకే నేను గుండె మీద చెయ్యేసుకుని "నాకొదిలెయ్ బాబాయ్, జిల్లా మొత్తానికి ఒక్క నిమిషంలో చెప్పేస్తా" అన్నాను.

మెసేజ్‌కు నూట అరవై అక్షరాలే పడతాయి. ఆ ఇరుకులో నా కళంతా కుక్కాను. 'మీ ఇంటి పెళ్లి బాధ్యత మాది! ఈ నంబరుకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి' అని మొదలుపెట్టి, బాబాయి సెల్ నంబరు వేసి, ఆ తర్వాత మంగళగిరి పట్టు చీరలు, నిజాం అంచు, కొట్టు గుర్తులు వగైరా. లెక్క సరిగ్గా సరిపోయింది. స్ట్రాటజీ గారు చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, బ్రాండింగ్ లేదని నొచ్చుకుని, అన్నిటికంటే ముందు మా కంపెనీ పేరు, దాని కింద ఒక ఇంగ్లీషు నినాదం చేర్చి పంపే మీట నొక్కేశారు. తల పెరిగితే తోక తెగుతుందని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. జనం ఫోన్లకు చేరిన సందేశంలో చీర అన్న మాటే లేదు. పెళ్లి బాధ్యత ఉంది, మిస్డ్ కాల్ ఉంది, నంబరుంది, చివర 'మంగళగిరి ప' అని ఉంది. ఆ 'ప' పట్టులోది. చదివినవాళ్లకు అది పంతులుగారిలోదో, పెళ్లిళ్ల పేరయ్యలోదో అనిపించి ఉంటుంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోను.

"ఏందిరా ఇది! ఎత్తేలోపే పెట్టేస్తన్నారు. తిరిగి చేస్తే, అబ్బాయి ఎత్తెంత అని అడుగుతన్నారు!"

"ఏ అబ్బాయి బాబాయ్?"

"అదే నేనూ అడిగా. మీ దగ్గర ఎంతమంది ఉన్నారండీ అంది ఒకావిడ. తెనాలి నుంచి ఒకాయన నక్షత్రం చెప్పి రాసుకోమన్నాడు. రాసుకున్నా కూడా, పెద్దమనిషి కదా అని. ఇందాకే ఒకామె ఏడ్చిందిరా ఫోన్లో. కూతురికి సంబంధం తప్పిపోయిందంట. చీరలమ్ముకునేవాణ్ణమ్మా అని ఆవిడతో ఎట్టా చెప్పను?"

స్ట్రాటజీ గారికి సంగతి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. "రెస్పాన్స్ చూశావా! ఇదీ మొబైల్ పవరంటే" అన్నారు. రెస్పాన్స్ పెళ్లికొడుకుల కోసమని గుర్తుచేస్తే "అది ప్రాడక్ట్ సమస్య, మీడియా సమస్య కాదు" అని తేల్చేశారు. ఆపా మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "తమ్ముడూ, మీ బాబాయి దగ్గరికి వెళ్లు ముందు. ఫోన్లో సర్దుబాటయ్యే సంగతి కాదిది" అంది.

ఆ శనివారం మధ్యాహ్నం నేను కొట్లో బాబాయి తిట్లు తింటూ కూర్చుని ఉండగా, గొడుగు ముడుచుకుంటూ ఒకావిడ లోపలికి వచ్చింది. ముప్ఫైకి అటూ ఇటూ ఉంటుంది. జరీ లేని నూలు చీర, భుజాన బడి సంచి. చెప్పులు విడిచి, సంచిలోంచి ఫోన్ తీసి, మెసేజ్ చూపించింది.

"పెళ్లి బాధ్యత మాది అన్నది మీరేనాండీ?"

బాబాయి నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఎవరి పెళ్లమ్మా?" అన్నాడు బాబాయి.

"నాదేనండీ."

ఆవిడ గుణదలలో ఉంటుంది, ఒక బళ్లో లెక్కల టీచరు. కూర్చోమంటే పరుపు మీద కూర్చుని, మొహమాటం లేకుండా చెప్పింది. "మా ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారండీ. ఫొటో పట్టుకెళ్తారు. చూద్దాం అంటారు. పెదనాన్న చూద్దామన్నాడు, మామయ్య చూద్దామన్నాడు. బాధ్యత మాది అన్నది మాత్రం మీరొక్కరే. స్టాఫ్ రూములో చదివి అందరం నవ్వుకున్నాం. ఇంటికెళ్లాక మళ్లీ చదివితే నవ్వు రాలేదు. ఇవాళ ఒంటిపూట బడి, బస్సెక్కి వచ్చేశాను. బస్టాండులో ఈ నంబరు చూపిస్తే మీ కొట్టుకే పంపారు."

బాబాయి నిమ్మసోడా తెప్పించాడు. ఆయనకు మాట తోచకపోతే సోడా తెప్పించడం అలవాటు. ఇక నేనే పూనుకున్నాను.

"మేడమ్, అదీ... అది మార్కెటింగ్ అండీ."

"అంటే అబద్ధమా?"

"అబద్ధం కాదండీ. తక్కిన సగం రాలేదు."

"సగం లెక్క చేసి వదిలేస్తే నేను సున్నా వేస్తానండీ" అని, సోడా గ్లాసు కింద పెట్టి, అలమార్ల వైపు చూసింది. కోపం కనిపించలేదు. నవ్వబోయి ఆగిపోయినట్టుంది. ఆ మొహం చూశాక 'టార్గెట్ ఆడియెన్స్' అన్న మాట నా నోటికి చాలాకాలం రాలేదు.

సరిగ్గా అప్పుడే బాబాయిని శాంతింపజేయడానికి స్ట్రాటజీ గారు దిగారు, భుజాన ల్యాప్‌టాప్ సంచితో (సంచి మాత్రమే, అందులో టిఫిన్ బాక్సు ఉండేది). వస్తూనే "ఇట్స్ ఎ లెర్నింగ్ కర్వ్ అండీ" అని అందుకున్నారు. టీచరమ్మ ఆయన్ని పూర్తిగా చెప్పనిచ్చి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"పంపేముందు మీ ఫోన్‌కు ఒకసారి పంపి చూసుకున్నారాండీ?"

స్ట్రాటజీ గారు భుజం మీది సంచి దించారు. "తట్టలేదండీ" అన్నారు. నేను ఆ ఆఫీసులో చేరాక ఆయన నోట్లోంచి ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా వచ్చిన మొదటి వాక్యం అదే. బాబాయి కూడా తిట్టడానికి ఎత్తిన వేలు దించేశాడు. టీచరమ్మ ఈసారి నిజంగానే నవ్వింది. వెళ్లేటప్పుడు బస్టాండు దాకా దింపుతానన్నారాయన. దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలియదు గాని, ఆ తర్వాత మా ఆఫీసుకు గుణదల మీద ఎనలేని శ్రద్ధ పుట్టింది. "అక్కడి మార్కెట్ స్టడీ చెయ్యాలి" అని సాయంత్రాలు వెళ్లిపోయేవారు. ఆయనతోపాటు గుణదల పరిశోధనలో తిరిగిన మనిషి మాలో ఎవరూ లేరు కాబట్టి ఆ స్టడీ ఫలితాలు చాలాకాలం గోప్యంగానే ఉన్నాయి. "సార్ సెగ్మెంట్ మార్చారు" అంది ఆపా, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే.

ఈలోగా బాబాయి తన పద్ధతిలో తాను కూర్చుని, మిస్డ్ కాల్ ఇచ్చిన ప్రతివాళ్లకూ ఫోన్ చేసి, "అమ్మా, పొరపాటైంది, నేను పెళ్లిళ్లు కుదర్చను, చీరలమ్ముతాను, మీ అమ్మాయికి త్వరగా కుదరాలి" అని చెప్పుకున్నాడు. కొందరు తిట్టారు. ఎక్కువమంది మాటలు కలిపారు. ఆ మాటలు కలిపినవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, కుదిరినవాళ్లూ, కుదరనివాళ్లూ. అలమార్లు ఖాళీ అయిపోయాయని చెప్పను గాని, మా వీధి మగ్గాలకు నూలు అందింది. దీన్ని స్ట్రాటజీ గారు 'పర్సనలైజ్డ్ కస్టమర్ ఎంగేజ్‌మెంట్'గా రాసుకుని, తర్వాతి కస్టమర్లందరికీ తన ఆలోచనగా చూపించారు.

స్ట్రాటజీ గారికీ టీచరమ్మకూ పెళ్లి కుదిరింది. మంగళగిరిలోనే, కల్యాణ మండపంలో. పెళ్లికూతురి చీర మా నాన్న నేసింది. అంతా సవ్యంగా జరిగిపోయేదే, స్ట్రాటజీ గారికి మళ్లీ స్ట్రాటజీ గుర్తుకు రాకపోతే. "డిజిటల్ యుగంలో కార్డులేమిటి? మన డేటాబేస్ ఉంది, మన సాఫ్ట్‌వేర్ ఉంది" అన్నారు. టీచరమ్మ వద్దన్నా వినలేదు. అమ్మాయి తల్లిదండ్రులు తమ దగ్గరివాళ్లను ఇంటికెళ్లి బొట్టు పెట్టి పిలుచుకున్నారు. తక్కిన స్నేహితులు, బంధువులు, వ్యాపారస్తులు అందరికీ మెసేజే వెళ్లింది. ఈసారి ముందు నా ఫోన్‌కు పంపి చూసుకున్నాం. అక్షరం తెగలేదు. 'మా పెళ్లికి తప్పక రండి' అని ముహూర్తంతో సహా నిక్షేపంలా చేరింది. అయితే చేరింది 'పెళ్లి బాధ్యత' మెసేజ్ వెళ్లిన అదే పాత నంబరు నుంచి. చాలామంది చూసి నవ్వుకున్నారు. ఒకాయన మాత్రం శ్రమ తీసుకుని ఫోన్ చేశాడు: "ఈసారి ఏం అమ్ముతున్నారండీ?"

ముహూర్తం వేళకు మండపంలో కుర్చీలే ఎక్కువ. వంటవాళ్లు గంగాళాల పక్కన నిలబడి ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు. టీచరమ్మ పెళ్లిపీటల మీద నుంచి ఖాళీ కుర్చీల వైపు చూసి, పక్కనున్న ఆయన్ని చూసింది. ఆయన తలంబ్రాల పళ్లెంలోకి చూస్తున్నారు. బాబాయి చెప్పులేసుకుని బయటికి నడిచాడు. కాసేపటికి మా వీధి మొత్తం వచ్చింది. మగ్గం గుంటల్లోంచి లేచి, చేతులు కడుక్కుని, ఉన్నంతలో మంచి బట్ట కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. అటు ఆపా ఫోన్ చేసినట్టుంది, వన్‌టౌన్ నుంచి వాళ్ల నాన్నగారు రెండు ఆటోల నిండా చుట్టాలతో దిగి, వచ్చినవాళ్లందరి చేతులకూ అత్తరు రాశారు.

ఇంత జరుగుతుంటే నేనెక్కడున్నాను? గుమ్మం పక్కన, కొత్త ప్యాంటు చొక్కాలో, ఫోన్ చేత్తో పట్టుకుని డెలివరీ రిపోర్టులు చూసుకుంటున్నాను. "ఆపా, చూడు! అందరికీ డెలివర్ అయింది. ఒక్కటి కూడా ఫెయిల్ కాలేదు!" అని గర్వంగా చూపించాను. ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. నా చేతిలోంచి దాన్ని తీసి నా జేబులోనే పడేసి, పులిహోర బేసిను అందించింది.

"బంతి కూర్చుంది తమ్ముడూ. వడ్డించు."

అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ముద్దొస్తాడు కూడా, నిజం చెప్పొద్దూ. మొదటి విస్తరి దగ్గర వంగి, గరిటె నిండా పులిహోర తీసి, ఎదురుగా కూర్చున్న ముసలాయన్ని "వెయ్యమంటారా?" అని అడిగాడు. తెలియని మనిషిని ముందుగా అడగడం వాడి ఉద్యోగ జీవితంలో అదే మొదలు.